ఒకటో నెంబరు గేటు

మా మేనమామ సంవత్సరీకాలు అయిన మర్నాడు మా అత్తయ్య అటక మీదినుంచి ఒక రేకుపెట్టె దింపించి నా ముందు పెట్టింది. అందులో నాలుగు పంచెలూ, ఆగిపోయిన చేతిగడియారం ఒకటీ, అడుగున అట్టలు వేసిన పొడుగాటి లెక్కల పుస్తకాలు మూడూ వున్నాయి.

"చదువుకున్నవాడివి. ఇవి చూసి నాకొక్క మాట చెప్పరా అబ్బాయీ. ముప్ఫయ్యేళ్ళపాటు మీ మామయ్య రాసింది లెక్కా, పిచ్చా?" అంది.

నేను చదువుకున్నది తెలుగు. కాలేజీలో చెప్పేదీ తెలుగే. గుర్రాల సంగతి నాకు నలోపాఖ్యానం దాటి తెలియదు. కాని అత్తయ్య ఆ ప్రశ్న అడిగిన తీరు చూసి, నాకు రాదని చెప్పలేకపోయాను. పుస్తకాలు సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

మామయ్య ఒక ఆఫీసులో గుమాస్తా. కాఫీ తప్ప వేరే అలవాటు లేదు. పరుషంగా ఒక మాట అనేవాడు కాదు. రేసులున్న రోజున మాత్రం మధ్యాహ్నం భోజనం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో ఈ పుస్తకం పట్టదు కనక చంకలో పెట్టుకుని బయల్దేరేవాడు. గెలిచిన రోజున జిలేబీ పొట్లంతో వచ్చి వీధి తలుపు ధడాలున తోసేవాడు. ఓడిన రోజున అదే తలుపును చప్పుడు కాకుండా వేసేవాడు. సెలవులకు వచ్చిన మేనల్లుళ్ళం, మేం కూడా ఆ తలుపు చప్పుణ్ణిబట్టే ఫలితం తెలుసుకునేవాళ్ళం. చెరువు కింద ఎకరంన్నర పొలం, అత్తయ్యకు పుట్టింటివారు పెట్టిన కాసులపేరు, ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా ఆ తలుపులోంచే వెళ్ళిపోయాయి.

పుస్తకం తెరిచి చూస్తే గుర్రాల పేర్లు పెద్దగా లేవు. అదే నాకు ఆశ్చర్యం. ప్రతి పేజీలోనూ ఎర్రసిరాతో గీసిన అయిదు గడులు: తేదీ, పందెం దూరం, ఎన్ని గుర్రాలు పరుగెత్తాయి, గెలిచిన గుర్రం ఏ నెంబరు గేటులోంచి బయల్దేరింది, రెండోది ఏ గేటులోంచి. అంతే. గుర్రం తండ్రి ఎవరు, తల్లి ఎవరు, జాకీ ఎవరు అని లోకమంతా కొట్టుకుంటూ వుంటే మామయ్య దృష్టి అది నిలబడిన చోటు మీద వుంది. మొదటి పుస్తకం మొదటి పేజీలో తన చక్కటి గుమాస్తా దస్తూరీతో, "పొట్టి పందెం, గట్టి మలుపు, చిన్న నెంబరు" అని రాసుకున్నాడు. మంత్రం లాగా.

సంగతి తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. పందెం మొదలయ్యే చోట మైదానానికి అడ్డంగా ఇనప గేటు ఒకటి నిలబెడతారు. అందులో గుర్రానికొక ఇరుకైన అర. అందరి తలుపులూ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఎవరికి ఏ అర అన్నది ముందుగా చీటీలు తీసినట్లు తీసి నిర్ణయిస్తారు. దాన్నే డ్రా అంటారు. లోపలి కంచెకు దగ్గరగా వున్నది సాధారణంగా ఒకటో నెంబరు. పూర్వం ఈ గేట్లు లేవు. జెండా వూపడమో, తాడు పైకి లాగడమో చేసేవారు. గుర్రాలు బొంగరాల్లా తిరుగుతూ వుంటే వాటిని ఒక వరసలో నిలబెట్టేసరికి జెండా పట్టుకున్నవాడి తల ప్రాణం తోకకు వచ్చేది. తలుపులు కరెంటుతో ఒకే క్షణంలో తెరుచుకునే గేటును అమెరికాకు చెందిన క్లే ప్యూయెట్ తయారుచేస్తే, 1939లో కెనడాలోని వాంకూవర్‌లో మొదట వాడారు. ఇంగ్లండు వారికి ఏదైనా నిదానమే కదా, వాళ్ళు 1965లో న్యూమార్కెట్‌లో పెట్టుకున్నారు. కంచెలు దూకే పందాలకు అక్కడ ఇప్పటికీ తాడే. 1993లో వాళ్ళ గ్రాండ్ నేషనల్ పందెంలో ఆ తాడు సరిగ్గా లేవలేదు. మొత్తం 39 మంది జాకీల్లో 30 మంది, వెనక్కి రమ్మన్న సంగతి తెలియక పరుగెత్తించేశారు. పందెం చెల్లదన్నారు. కాసిన డబ్బు వెనక్కి ఇచ్చెయ్యవలసి వచ్చింది. ముందుగా గీత దాటిన గుర్రానికి మిగిలింది ఆయాసమే.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో మా లెక్కల లెక్చరర్ దగ్గరికి పుస్తకాలు తీసుకువెళ్ళాను. ఆయనకు రేసులంటే మంట. "ఇదేమిటి మాస్టారూ, మీరు కూడానా!" అన్నాడు. సంగతి చెప్పాక చల్లబడి, సుద్దముక్క తీసుకుని బల్ల మీదే రెండు అర్ధచంద్రాలు గీశాడు.

"లోపలి కంచెను ఆనుకుని ఒక గుర్రం, దానికి బయట అయిదు మీటర్ల దూరంలో మరొకటి పరుగెడుతున్నాయనుకోండి. మైదానం తిరిగి వెనక్కి మళ్ళేలాంటి అర్ధచంద్రాకారపు మలుపు. బయటి గుర్రం ఎంత ఎక్కువ దూరం పరుగెత్తాలి?"

"మలుపు ఎంత పెద్దదో చెప్పకపోతే ఎలా?" అన్నాను, తెలివిగా అడిగాననుకుని.

"అక్కర్లేదు. అదే తమాషా. మలుపు పెద్దదైనా చిన్నదైనా తేడా మాత్రం అంతే. అయిదును మూడు పాయింటు ఒకటి నాలుగుతో హెచ్చవేయండి. పదిహేను మీటర్ల డెబ్భై సెంటీమీటర్లు."

గుర్రం పొడవు సుమారు ఎనిమిది అడుగులు. అంటే ఆ బయటి గుర్రం ఆరు గుర్రాల పొడవుకు పైగా ఎక్కువ పరుగెత్తాలన్నమాట. ముక్కు పొడవు తేడాతో జయాపజయాలు తేలే ఆటలో ఆరు గుర్రాల పొడవు! మామయ్య పిచ్చివాడు కాడు అనిపించింది.

"ఆగండి. మలుపు పెద్దదైనా చిన్నదైనా తేడా ఒకటే అయినప్పుడు ఆయన గట్టి మలుపు అని ఎందుకు రాసుకున్నాడు?" అన్నాడు లెక్కలాయన తనే.

దానికి జవాబు పుస్తకంలోనే దొరికింది. పందెం దూరం గడిలో మామయ్య కొన్ని అంకెల చుట్టూ సున్నా చుట్టాడు. అవన్నీ గేటునుంచి బయల్దేరిన కాసేపటికే మలుపు వచ్చే పందాలు. బయటి గుర్రం బయటనే వుండిపోవాలని ఎవరూ శాసించలేదు. గేటు దాటాక తిన్నని దారి చాలినంత వుంటే జాకీ మెల్లగా లోపలికి జరుపుకుంటాడు, డ్రా వల్ల వచ్చిన నష్టం చాలావరకు తీరిపోతుంది. మలుపు వెంటనే వచ్చేస్తే ఆ వ్యవధి వుండదు. పైగా మలుపు మరీ వంకర అయితే బయటినుంచి వేగంగా వచ్చే గుర్రాన్ని అది ఇంకా బయటికి విసురుతుంది. బస్సు ఘాట్‌రోడ్డులో తిరిగినప్పుడు కిటికీ పక్క కూర్చున్నవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండులో చెస్టర్ అనే వూళ్ళో డీ నది ఒడ్డున ఒక మైదానం వుంది. 1539 నుంచీ అక్కడ పందాలు జరుగుతున్నాయి. ఇప్పటికీ నడుస్తున్న మైదానాల్లో అదే పాతదంటారు. చుట్టుకొలత మైలుకు కొంచెం పైన. దాదాపు అంతా మలుపే, తిన్నగా పరుగెత్తే దారి చాలా తక్కువ. అక్కడ అయిదు ఫర్లాంగుల పందెంలో లోపలి చిన్న నెంబర్లు వచ్చిన గుర్రాలకు వున్న అనుకూలం జగత్ప్రసిద్ధం. బయటి అర వచ్చిందంటే కొందరు యజమానులు గుర్రాన్ని ఆ రోజుకు ఇంటికి తీసుకుపోతారు. మామయ్య చెస్టర్ పేరు విన్నాడో లేదో నాకు తెలియదు. తన మైదానం గట్టు మీద నిలబడి, ఎర్రసిరాతో గడులు గీసుకుని, ఆ సూత్రాన్ని తనంతట తాను పట్టుకున్నాడు. మా కుటుంబంలో పరిశోధన చేసిన మొదటి మనిషి ఆయనే అని నాకిప్పుడు అనిపిస్తోంది. నా ఎమ్మే వ్యాసం సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మర్యాద.

అయితే నెంబరును గుడ్డిగా పట్టుకుంటే దెబ్బ తింటాం. తిన్నని దారిలో జరిగే పందెంలో లోపల, బయట అన్న మాటే లేదు. అక్కడ వాన పడ్డాక ఏ పక్క నేల గట్టిగా వుందో ఆ పక్కవారికి లాభం. అది ఇవాళ ఒక పక్క, రేపు ఇంకో పక్క. ఇంకో చిత్రం వినండి. ఇంగ్లండులో కుడివైపు తిరిగే మైదానాల్లో ఒకప్పుడు పెద్ద నెంబర్లు లోపలి కంచె వైపు వుండేవి. 2011లో ఆ పద్ధతి మార్చి, ఎక్కడైనా ఒకటో నెంబరే లోపల వుండాలన్నారు. పాత పుస్తకాలు పట్టుకుని పెద్ద నెంబరు, పెద్ద నెంబరు అని జపం చేసిన వాళ్ళెవరైనా వుంటే వాళ్ళ గతి ఏమై వుంటుందో!

గుర్రాలు మరీ ఎక్కువైతే లోపలి అరే శాపమవుతుంది. అమెరికాలో కెంటకీ డెర్బీకి ఇరవై గుర్రాల దాకా పరుగెడతాయి. తలుపు తెరుచుకోగానే పందొమ్మిదీ లోపలికి తోసుకువస్తాయి. ఒకటో అరలోని గుర్రం కంచెకూ మందకూ మధ్య తిరునాళ్ళలో పిల్లవాడిలా నలిగిపోతుంది. ముందున్న వాటి డెక్కలనుంచి లేచే మట్టి మొహాన కొడుతుంది. 1986లో ఫెర్డినాండ్ అనే గుర్రం ఆ అరలోంచి వచ్చి గెలిచింది. దాని మీదున్న విల్లీ షూమేకర్‌కు అప్పుడు యాభై నాలుగేళ్ళు. మొదట్లో అందరికన్నా వెనకబడి, చివరికి సందు చూసుకుని దూరాడు. ఆ తరవాత 2025 వరకూ ఒకటో అరనుంచి గెలిచిన గుర్రం లేదు. అదే పందెంలో 2008లో బిగ్ బ్రౌన్ గెలిచింది అన్నిటికన్నా బయటిదైన ఇరవయ్యో అరనుంచి.

ఆ పందెంలోనే పదిహేడో అర కథ ఒకటుంది. అక్కడ గేటు పెట్టింది 1930లో. అప్పటినుంచి 2025 వరకూ పదిహేడో అరలోంచి బయల్దేరిన గుర్రం ఒక్కటీ గెలవలేదు. పదహారు గెలిచింది, పద్ధెనిమిది గెలిచింది, మధ్యలో పదిహేడు మాత్రం గెలవదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ కప్పుకు పద్ధెనిమిదో నెంబరు ఇలాంటిదే. ఏటా పందెం ముందు పత్రికలు దీన్ని శని పట్టిన అరలా వర్ణిస్తాయి. మామయ్య పుస్తకంలో కూడా ఒకచోట ఒక నెంబరు పక్కన "అచ్చిరాదు" అని వుంది.

ఇది చూపిస్తే లెక్కలాయన నవ్వాడు. "పదిహేడో అరలో ఇన్నేళ్ళకీ నిలబడ్డ గుర్రాలు ఎన్ని?"

సుమారు నలభై అయిదు. చాలా ఏళ్ళు అంతమంది పోటీదార్లే లేరు మరి.

"ఒక్కొక్క గుర్రానికీ ఇరవైలో ఒక వంతు అవకాశం అనుకోండి. నలభై అయిదుసార్లూ వరసగా ఓడిపోయే అవకాశం నూటికి పది వుంటుంది. అరలు ఇరవై వున్నాయి. ఇరవైలో ఏదో ఒకదానికి ఈ గతి పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. మీ పంచాంగం వాళ్ళకు చెప్పండి" అన్నాడు. పంచాంగం వాళ్ళు నావాళ్ళు ఎప్పుడయ్యారో తెలియదు గాని, తెలుగు లెక్చరర్ కనిపిస్తే సైన్సువాళ్ళు ఇలాంటివన్నీ మన ఖాతాలో రాస్తారు.

సరే, అచ్చిరాని నెంబరు వుత్త భ్రమ. పొట్టి పందెంలో చిన్న నెంబరు మాత్రం భ్రమ కాదు, దానికి కారణం వుంది. మరి పొలం ఎందుకు పోయింది? రెండు రాత్రులు ఆ పుస్తకాలు తిరగేశాను. మూడోనాడు తట్టింది. గడులు అయిదే. వుండవలసిన ఆరోది లేదు.

గెలిచిన గుర్రానికి రూపాయికి ఎంత ఇచ్చారు? ఆ అంకె ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా రాసుకోలేదు.

టోట్ అనే పద్ధతిలో అందరూ కాసిన డబ్బూ ఒక కుప్ప పోస్తారు. పన్నూ, ఖర్చులూ అందులోంచి ముందే తీసేస్తారు. మిగిలింది గెలిచిన గుర్రం మీద కాసినవాళ్ళు పంచుకుంటారు. వెయ్యి రూపాయల కుప్పలో రెండు వందలు తీసేశారనుకుందాం. ఎనిమిది గుర్రాలు. ఒకటో గేటు గుర్రానికి డ్రా వల్ల నాలుగింట ఒక వంతు అవకాశం వుందనుకుందాం, అంటే మిగతావాటికన్నా చాలా ఎక్కువ. మామయ్య లెక్క ఇంతవరకూ నిజం. కాని డ్రా రహస్యం కాదు. రేసు పుస్తకంలో అచ్చువేసి గేటు దగ్గర అమ్ముతారు. మామయ్యకు కనిపించిన మలుపు పక్కనున్న వెయ్యి మందికీ కనిపిస్తూనే వుంది. వాళ్ళు కూడా ఆ గుర్రం మీదే ఎగబడి, వెయ్యిలో రెండు వందల యాభై దాని మీదే వేశారు. అది గెలిస్తే ఎనిమిది వందలను రెండు వందల యాభై రూపాయలు పంచుకోవాలి. రూపాయికి మూడు రూపాయల ఇరవై పైసలు. నాలుగు పందాలకు నాలుగు రూపాయలు కాస్తే ఒకసారి గెలుస్తాడు, మూడు ఇరవై చేతికొస్తుంది. ఎనభై పైసలు పోయాయి. నూటికి ఇరవై. లెక్క సరిగ్గా వేసినవాడికీ, కళ్ళు మూసుకుని కాసినవాడికీ దీర్ఘకాలంలో ఇంచుమించు అంతే పోతుంది. లాభం రావాలంటే గుర్రం గెలుస్తుందని తెలిస్తే చాలదు. అది గెలిచే అవకాశాన్ని పక్కనున్న వెయ్యి మందీ తక్కువగా అంచనా వేశారని తెలియాలి. అది తెలియాలంటే ఆరో గడి కావాలి.

ఈ మెలిక మన భారతంలోనే వుంది. బాహుకుడి వేషంలో వున్న నలుడు ఋతుపర్ణ మహారాజు రథం తోలుకుని విదర్భకు పోతున్నాడు. గుర్రాల మనసు తెలిసినవాడు నలుడు. జారిపోయిన వుత్తరీయం తీసుకుందామని రాజు అనేలోగా రథం యోజనం దూరం దాటిపోయింది. అప్పుడు ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూపించి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పాడు. నలుడు రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెట్టాడు. సరిపోయింది. అశ్వహృదయం తెలిసిన నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడు. ఋతుపర్ణుడి దగ్గర వున్నది అక్షహృదయం, సంఖ్య తెలిసిన విద్య. అది నేర్చుకున్నాకే నలుణ్ణి పట్టిన కలి వదిలాడు. క్లాసులో ఈ ఘట్టం పదిహేనేళ్ళుగా చెబుతున్నాను. గుర్రాల విద్య, పందెం విద్య రెండూ వేరు వేరు అని వ్యాసుడు అంత విడమరిచి చెబితే, మా ఇంట్లో అవసరం పడేదాకా నాకు పట్టలేదు.

1996లో మద్రాసు రేసుల వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు, గుర్రప్పందెం ప్రధానంగా నేర్పు మీద ఆధారపడిన ఆటే గాని జూదం కాదని తీర్పు వచ్చింది. మామయ్యకు ఆ తీర్పు పండగ. "విన్నావుటే, సుప్రీంకోర్టు!" అని అత్తయ్యకు పేపరు చదివి వినిపించడం నాకు గుర్తు. నేర్పు వున్నమాట నిజమే. గుర్రానికీ, జాకీకీ, శిక్షణ ఇచ్చినవాడికీ అందరికీ వుంది. మామయ్యకు కూడా వుంది. పైన గట్టు మీద నిలబడిన వాళ్ళందరికీ తలా కాస్తా వుండడమే చిక్కు.

ఆదివారం అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"పిచ్చి కాదత్తయ్యా. లెక్కే. మామయ్య కనిపెట్టింది నిజం కూడాను. పెద్ద పెద్ద దేశాల్లో వాళ్ళు చెప్పే మాట ఆయన స్వయంగా పట్టుకున్నాడు."

ఆవిడ చేతిలో కాయ ఆగింది. చాలాసేపు ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది కాబోలు, నేను అటు చూడలేదు.

"మరి పొలం ఎందుకు పోయిందిరా?"

టోట్ సంగతి ఎలా చెప్పడమా అని బస్సులో అంతా ఆలోచించుకుని వచ్చాను. వెయ్యి రూపాయల కుప్ప, రెండు వందల మినహాయింపు అని మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాకుండానే ఆవిడ అందుకుంది.

"అంటే, ఆ గుర్రం మంచిదని వూరందరికీ తెలుసన్నమాట. అందరికీ తెలిసిన మామిడిపండు చవగ్గా ఎవడమ్ముతాడు? ఈ ముక్క నన్నడిగితే నేను చెప్పనూ!"

"మామయ్య నిన్నెప్పుడూ అడగలేదా?"

"రేసుల సంగతి ఆడవాళ్ళకేం తెలుస్తుందనేవారు" అంది. కోపంగా అనలేదు.

పుస్తకాలు తిరిగి ఇచ్చాను. మొదటి రెండూ పెట్టెలో పెట్టేసింది. మూడోదానిలో సగానికి పైగా ఖాళీ కాగితాలున్నాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, పాలవాడి లెక్కకు పనికొస్తాయని కిటికీలో పెట్టుకుంది. నేను వచ్చేటప్పటికి ఒక పేజీలో పెన్సిలుతో గీతలు గీస్తోంది: తేదీ, లీటర్లు, ధర.